పొరుగావిడ గ్రాండ్ అంది

బోమాంట్, డబ్లిన్
2021 జనవరి 10

మామయ్యకు సుధేష్ణ నమస్కారాలు.

మీ లీక్స్‌లిప్‌లో శుద్ధి చేసిన నీళ్ళే మా కొళాయిలో వస్తాయట. ఒకే నీళ్ళు తాగుతూ ఉత్తరాలు రాసుకునే రాత మనకే పట్టింది. ఈ కరోనా లాక్‌డౌన్‌లో ఐదు కిలోమీటర్లు దాటితే గార్డ్స్ కారు ఆపి ఎక్కడికని అడుగుతున్నారు. మేనమామను చూడటానికి అని చెబితే ఈ ఊరి పోలీసులకు అది అత్యవసరం కాదు. పోనీ ఫోన్ చేద్దామంటే నీ చెవి మిషన్ బాగుకు వెళ్ళి రెండు నెలలైంది. పోయిన ఆదివారం నేను ‘జపాన్ వాళ్ళ ఇల్లు’ అంటే నువ్వు ‘ఎవరి పిల్లకి జబ్బు’ అన్నావు. తర్వాత నీ కోడలు వసుంధర అక్క ఫోన్ అందుకుని పావుగంట నాకు ధైర్యం చెప్పింది. అందుకే కాగితం పట్టుకున్నాను.

విషయం ఇది. మా ఆఫీసులో మొదటిసారి ఒక ఇల్లు పూర్తిగా నా చేతికి ఇచ్చారు. మత్సుదా గారని, ఒక ఆస్పత్రి లేబొరేటరీలో పనిచేస్తారు. ఆయన, భార్య నొరికో గారు, పదకొండేళ్ళ కూతురు. పన్నెండేళ్ళుగా డబ్లిన్‌లో అద్దె ఇళ్ళు మారుతూ ఉన్నారు. ఇప్పుడు ఫిబ్స్‌బరోలో ఒక పాత వీధిలో ఖాళీ స్థలం కొన్నారు. వీధి అంతా నూటనలభై ఏళ్ళనాటి ఎర్ర ఇటుక ఇళ్ళు, ఒకదాని భుజం ఒకటి పట్టుకుని నిలబడి ఉంటాయి. మధ్యలో ఒక ఇల్లు ఎప్పుడో కూలిపోయింది. మంచి పలువరసలో ఊడిన పన్నులాంటి ఆ ఖాళీయే మా స్థలం. ఆ వీధి అందం చెడకూడదని నగరపాలక సంస్థ వాళ్ళకు పట్టింపు ఎక్కువ. అనుమతి వస్తే ఇల్లు కడతాం. రాకపోతే మత్సుదా గారు ఒసాకాలోని పాత ఉద్యోగానికి వెళ్ళిపోతారట, అక్కడివాళ్ళు ఏడాదిగా పిలుస్తున్నారని మా బాస్ చెప్పింది. ఒక కుటుంబం ఈ ఊళ్ళో ఉండటమూ పోవటమూ నా గీతల మీద ఆధారపడి ఉందంటే నాకు అన్నం సయించడం లేదు.

ప్లాన్లు జతచేశాను. ముందు గోడ మొత్తం కాల్చిన నల్ల చెక్క. జపాన్‌లో అలా చేస్తారు, వానకు చెడదు. లోపల పక్కకు జరిపే తెల్లకాగితం తలుపులు, నేలంతా చాపలు పరిచిన గది, వెనక రాళ్ళ తోట. పాత వీధిలో కొత్త జపాన్ ఇల్లు. మత్సుదా గారు వీడియోలో ప్రతి బొమ్మ చూసి తల వంచి, ‘చాలా బాగుంది, ఆలోచిస్తాం’ అంటారు. నొరికో గారు మాత్రం హాట్ ప్రెస్ ఎక్కడ అని ఒక్క ప్రశ్న అడిగింది.

పక్కింట్లో మిస్ డెలాని అని ఎనభైనాలుగేళ్ళ ఆవిడ, ఒంటరిగా ఉంటుంది. బడిలో టీచర్‌గా చేసి రిటైరైంది. గేటు దగ్గర దూరంగా నిలబడి ఆవిడకు బొమ్మలు చూపించాను. అద్దాలు సవరించుకుని అన్నీ చూసి, ‘దట్స్ గ్రాండ్’ అంది. సగం పని అయినట్టే.

నువ్వు ఆర్ అండ్ బిలో ముప్పైఐదేళ్ళు డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసినవాడివి. నీ కళ్ళతో ఒకసారి చూడు, తప్పులుంటే తిట్టు. నేను బాగున్నాను.

నీ మేనకోడలు
సుధేష్ణ

లీక్స్‌లిప్
2021 జనవరి 18

అమ్మడూ,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మా రోజుల్లో మర్యాద. ఇప్పుడు ఉభయులమూ ఇంట్లోనే కూర్చుని ఉన్నాం కనుక కుశలం కాక చేసేదేముంది. మూడు నెలలకని వచ్చి ఏడాది అయింది. చుట్టపుచూపుగా వచ్చినవాణ్ణి, ఇంకొన్నాళ్ళుంటే ఇక్కడ ఓటు కూడా వేసేట్టున్నాను. మావాడు ప్రసాద్ షిఫ్టుల లెక్కన కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీకి పోయి వస్తున్నాడు. లోపల కళ్ళు తప్ప ఏమీ కనబడని తెల్ల దుస్తులు వేసుకుంటారట, అందుచేత మాస్కు వాడికి కొత్త కాలేదు. వసుంధర ఆఫీసు భోజనాల బల్ల మీద. వర్షిత బడి పడకగదిలో. నాకు వంటిల్లు మిగిలింది, పొయ్యి ముట్టించే అధికారం మాత్రం ఇవ్వలేదు.

నీ ప్లాన్లు వారం రోజులు చూశాను. గీత బాగుంది. మీ అమ్మ ముగ్గు వేస్తే ఇలాగే చెయ్యి ఎత్తకుండా వేసేది. ఇక తిట్లు.

ఒకటి. ఈశాన్యం మూల మరుగుదొడ్డి పెట్టావు. మనవాళ్ళకైతే ఆ ప్లాను నీ మొహానే విసిరేవారు. జపాన్ వాళ్ళకు వాస్తు ఉందో లేదో కనుక్కో.

రెండు. ఆ ఇల్లాలు హాట్ ప్రెస్ అడిగితే నువ్వు జవాబు చెప్పలేదేం? ఇస్త్రీ అంటే అంత చులకనా? మేడమెట్ల కింద ఆరడుగుల ఇస్త్రీ గది గీసి పంపుతున్నాను. ఎడమచేతి వైపు నుంచి వెలుగు వస్తుంది, ప్లగ్గు నడుం ఎత్తులో పెట్టాను, ఆవిడ వంగక్కర్లేదు.

మూడు, ముఖ్యమైనది. పొరుగావిడ గ్రాండ్‌గా ఉందని అభ్యంతరం చెబితే నువ్వు సగం పని అయిందని సంతోషిస్తావేమిటి? విజయనగరంలో మా ఇంజనీరుగారు కూతురి పెళ్ళి గ్రాండ్‌గా చేశాడంటే ఊరంతా మెచ్చుకోలేదు, ఎక్కడిదని అడిగింది. నిరాడంబరమైన వీధి అది. అందరూ ఎర్ర ఇటుకతో సరిపెట్టుకున్నచోట నువ్వు నల్ల ఏనుగును తెచ్చి నిలబెట్టావు. ఆ పెద్దావిడ మర్యాదగా చెప్పింది. ఆర్భాటం తగ్గించు.

వర్షిత నాకు ప్రతిదానికీ ‘ఐ యామ్ గ్రాండ్, తాతా’ అంటుంది. ఎనిమిదేళ్ళకే ఇంత గొప్పలేమిటని నిన్న మందలించాను.

నువ్వు ఎలా ఉన్నావు? ఒక్క ముక్కలో రాశావు, అందుకే మళ్ళీ అడుగుతున్నాను.

ఆశీస్సులతో
పాండురంగ మామయ్య

బోమాంట్
2021 జనవరి 26

మామయ్యకు నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి ఇంత నవ్వు నవ్వి ఎన్నాళ్ళయిందో. నాతో పాటు ఈ ఇంట్లో అద్దెకుండే ఇద్దరు మలయాళీ నర్సుల్లో ఒకావిడ డ్యూటీ నుంచి వచ్చి నిద్రపోతోంది, నవ్వు గట్టిగా వినబడకుండా దిండు అడ్డం పెట్టుకున్నాను.

ఐర్లండ్‌లో ప్రెస్ అంటే అలమారా. వేడినీళ్ళ ట్యాంకు ఉండే అలమారా హాట్ ప్రెస్. తువ్వాళ్ళు, దుప్పట్లు అందులో పెడితే వెచ్చగా ఉంటాయి. నీ ఇస్త్రీ గదిని మా బాస్‌కు చూపించాను. తన ఇంటికి కావాలంది.

గ్రాండ్ అంటే ఇక్కడ బాగుంది అని. ఆర్భాటం అని కాదు. ఎలా ఉన్నావంటే గ్రాండ్, వాన తగ్గిందంటే గ్రాండ్, టీ ఇదిగో అంటే గ్రాండ్. నాలుగేళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటున్నాను మామయ్యా, ఈ మాత్రం తెలియదా. పాపం వర్షితను ఊరికే మందలించావు, దానికి నా తరఫున ఒక చాక్లెట్ ఇవ్వు.

ఇక ఈశాన్యం. జపాన్ వాళ్ళకు వాస్తు అంటగట్టకు.

శుక్రవారం దరఖాస్తు ఇచ్చేశాం. స్థలం ముందు నోటీసు కట్టాను. ఐదు వారాల్లోగా ఎవరికైనా అభ్యంతరం ఉంటే రాయవచ్చు. ఎవరు రాస్తారు? మిస్ డెలానికి నచ్చింది, మత్సుదాలకు నచ్చింది. ఇచ్చేముందు వాళ్ళకు తుది ప్లాను చూపిస్తే ఆయన ఊపిరి గట్టిగా లోపలికి పీల్చి, ‘కొంచెం...’ అని ఆగి, ‘చాలా అందంగా ఉంది’ అన్నారు. మాటలు రానంత నచ్చిందన్నమాట.

నాకేం, బాగానే ఉన్నాను.

సుధేష్ణ

లీక్స్‌లిప్
2021 ఫిబ్రవరి 8

అమ్మడూ,

నాలుగేళ్ళ అనుభవం ఉన్న నీకూ ఏడాది అనుభవం ఉన్న నాకూ కలిపి ఎనిమిదేళ్ళ పిల్ల పాఠం చెప్పింది. విను.

నీ ఉత్తరం వచ్చాక వర్షితకు చాక్లెట్ ఇచ్చి, క్షమాపణ కూడా చెప్పుకున్నాను. ఆ సాయంత్రం పెరుగన్నం కలిపి పెట్టాను. ‘ఇంకొంచెం వెయ్యనా?’ అన్నాను. ‘ఐ యామ్ గ్రాండ్, తాతా’ అంది. బాగుందంటోంది కదా అని గరిటెడు వేశాను. తిని, మళ్ళీ ‘ఐ యామ్ గ్రాండ్’ అంది. మళ్ళీ వేశాను. మూడోసారికి దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వసుంధర పరిగెత్తుకొచ్చి, ‘అయ్యో మామయ్యా, అది వద్దంటోంది. ఇక్కడ గ్రాండ్ అంటే చాలు, వద్దు అని కూడా’ అంది.

అర్థమైందా? బాగుంది అనీ అదే మాట, వద్దు అనీ అదే మాట. విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టకుండా వద్దనడం అన్నమాట.

మనకు మాత్రం లేదా? డెబ్బైఆరులో బొబ్బిలి వెళ్ళి మీ అత్తయ్యను చూశాం. మా నాన్న కాఫీ తాగి, కండువా దులుపుకుని, ‘ఇంటికి వెళ్ళి ఉత్తరం రాస్తాం’ అన్నాడు. ఆ మాటకు అర్థం చంటిపిల్లలకు కూడా తెలుసు. వాళ్ళు మర్నాటి నుంచి వేరే సంబంధాలు వెతకడం మొదలుపెట్టారు. నేను నిజంగానే ఉత్తరం రాశాను. అలాంటి ఉత్తరం ఇంతవరకు ఎవరికీ రాలేదేమో, మీ అత్తయ్య నాన్న దాన్ని రెండు రోజులు పెట్టెలో దాచి ఎవరికీ చెప్పలేదట. బతికినన్నాళ్ళూ మీ అత్తయ్య ఆ సంగతి చెప్పి నన్ను ఏడిపించింది, ఇప్పుడు ఏడిపించేవాళ్ళు లేక ఎంత వెలితిగా ఉందో.

అందుచేత మత్సుదాగారి ‘ఆలోచిస్తాం’ మీద కూడా నాకు నమ్మకం లేదు. ఊపిరి లోపలికి పీల్చినవాడు సంతోషంతో పీల్చాడని ఎలా అనుకున్నావు? నా సర్వీసులో కాంట్రాక్టరు అలా పీల్చాడంటే గోడ పడిపోయిందని అర్థం.

ఇంకో మాట. నీ ప్లానులో మిస్ డెలాని ఇంటిని బూడిదరంగు గీతలతో నింపి వదిలేశావు. ఆ ఇంటికి కిటికీలు లేవా? మా పెద్ద డ్రాఫ్ట్స్‌మన్ సుబ్బారావుగారు పక్కింటి కిటికీ గీయని ప్లాను మీద సంతకం పెట్టేవాడు కాదు. వెళ్ళి ఆవిడ కిటికీలు కొలుచుకురా. గడువు దాటకముందే ఇంకోసారి అడుగు.

నీకు ఒంట్లో ఎలా ఉంది?

మామయ్య

బోమాంట్
2021 ఫిబ్రవరి 27

మామయ్యా,

నీ ఉత్తరం చదివి విసుక్కున్నాను. పాతకాలం మనిషి, అన్నింట్లో అనుమానమే అనుకున్నాను. కిటికీలు కొలవలేదు. రెండోసారి అడగలేదు. నిన్నటితో గడువు ముగిసింది. ఒకే ఒక్క అభ్యంతరం వచ్చింది, నాలుగు పేజీలు, టీచరమ్మ గుండ్రని అక్షరాలతో.

‘ఈ బొమ్మలు గీసిన అమ్మాయి చాలా మంచిది, ఆమె పని అందంగా ఉంది’ అని మొదలవుతుంది. ఆ తర్వాత మూడున్నర పేజీలు ఆ అందం కట్టకూడదని. వెనకవైపు ఆవిడ వంటగదికి తూర్పు కిటికీ ఒకటి ఉంది. మా ఖాళీ స్థలం గుండా ఉదయం ఎండ అందులోంచి వస్తుంది. ఏడాదిగా గడప దాటలేదని, ఎవరూ లోపలికి రావడం లేదని, పొద్దున్నే ఆ బల్ల మీదికి వచ్చే ఎండ ఒక్కటే తనను చూడటానికి వస్తోందని రాసింది. నా చాపల గది గోడ సరిగ్గా ఆ కిటికీకి మూడడుగుల దూరంలో, రెండంతస్తుల ఎత్తు లేస్తుంది.

నాకు ముందు కోపం వచ్చింది. తర్వాత సిగ్గు వేసింది. మాస్కు పెట్టుకుని వెళ్ళి గేటు దగ్గర నిలబడ్డాను. తలుపు తీసింది.

‘అప్పుడు గ్రాండ్ అన్నారు కదా మిస్ డెలాని’ అన్నాను.

‘అన్నాను. అది గ్రాండే. వేరే వీధిలో ఉంటే ఇంకా గ్రాండ్‌గా ఉండేది’ అంది.

‘నాతో చెప్పి ఉండాల్సింది.’

‘ఎంత ముచ్చటపడి చూపించావు. ఆ మొహం చూస్తూ కాదని ఎలా అంటాను? అందుకే కాగితం మీద పెట్టాను. కాగితానికి మొహం ఉండదు కదా.’

ఇంటికి నడుస్తూ దారి పొడుగునా నన్ను నేను తిట్టుకున్నాను.  నగరపాలక సంస్థ అధికారి తిరస్కరించవచ్చు, లేదా మార్పులు చేసి తెమ్మని ఒక అవకాశం ఇవ్వవచ్చు. తిరస్కరిస్తే మత్సుదాలు మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టరు. ఒసాకా వెళ్ళిపోతారు. అదీ నా వల్ల.

నువ్వు చెప్పినప్పుడు వినలేదు. ఇప్పుడు చెప్పు, వింటాను.

సుధేష్ణ

లీక్స్‌లిప్
2021 మార్చి 6

అమ్మడూ,

ముందు కన్నీళ్ళు తుడుచుకో. విజయనగరంలో నేను గీసిన కల్వర్టు మీద ఏటా వరద ఎక్కేది, అయినా నాకు పెన్షన్ వస్తోంది.

కార్న్‌ఫ్లేక్స్ అట్టపెట్టెలు కోసి నీ ఇల్లూ ఆవిడ ఇల్లూ పక్కపక్కన చేశాను. మేడ మీది నీ గదులతో సహా. పొద్దున తొమ్మిదింటికి మా వంటగది కిటికీలో తూర్పుకు పెట్టి చూశాను. ఆవిడ కిటికీలో చీకటి. కత్తెర పెట్టి నీ చాపల గదిని ఆ మూలనుంచి కోసి తీసేశాను. ఎండ వచ్చి ఆవిడ వంటగది అట్ట మీద పడింది. ఆ గది తీసినచోట ఆకాశం కనబడే చిన్న ఖాళీ ఉంచు. మన మండువా లాంటిది. ఎండ ముందు మీ వాళ్ళకు తగిలి, తర్వాత ఆవిడకు వెళుతుంది. పెట్టెను మడిచి పంపుతున్నాను. నలిగితే నలిగింది.

అయితే మత్సుదాలు చాపల గది వదులుకుంటారా అంటావు. అడుగు. కానీ నువ్వు అడిగే తీరు మార్చు. ‘బాగుందా’ అని అడిగితే మర్యాదస్తులు బాగుందనే అంటారు. భోజనాల దగ్గర ‘ఎలా ఉంది’ అని అడిగేవాడికి వంట సంగతి ఎప్పటికీ తెలియదు. ‘ఒక కూర తగ్గించాలి, ఏది తగ్గించమంటారు’ అని అడిగినవాడికి తెలుస్తుంది. ప్లాను ముందు పెట్టి, చేతికి ఎర్ర పెన్సిల్ ఇచ్చి, ఏది కొట్టెయ్యమంటారో చూపించమను. నోటితో కాదనలేనివాళ్ళు చేత్తో కాదనగలరు. ఆ పెద్దావిడ కూడా కాగితం మీదే కదా చెప్పింది.

వర్షిత సోమవారం నుంచి బడికి వెళుతోంది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది, నాకు చెవి వినబడకపోయినా తెలుస్తోంది.

మామయ్య

బోమాంట్
2021 మార్చి 28

మామయ్యకు నమస్కారాలు.

అవకాశం ఇచ్చారు. మార్చి పద్దెనిమిదిన ఉత్తరం వచ్చింది, పక్కింటి వెలుతురు సంగతి తేల్చి, ముందు గోడ సంగతి మళ్ళీ ఆలోచించి ప్లాన్లు తెమ్మని. మర్నాడే మత్సుదా దంపతులను స్థలం దగ్గరికి రమ్మన్నాను. ఆరుబయట, తలా ఒక మూల. ఇటుకల మీద పలక వేసి, ప్లాను పరిచి, నాలుగు ఎర్ర పెన్సిళ్ళు పెట్టాను. ‘ఇల్లు చిన్నది చెయ్యాలి. ఏవి తీసెయ్యాలో మీరే కొట్టెయ్యండి’ అన్నాను.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నొరికో గారు నెమ్మదిగా పెన్సిల్ తీసుకుంది. మొట్టమొదట ఏం కొట్టేసిందో తెలుసా? ఈశాన్యం మూల మరుగుదొడ్డి. జపాన్‌లో కూడా ఆ మూల మంచిది కాదట, వాళ్ళ అత్తగారు చూస్తే నిద్రపోదట. నువ్వు ఎంత సంబరపడతావో ఊహించుకుని ఈ వాక్యం రాయకుండా ఉందామనుకున్నాను.

తర్వాత చాపల గది. ‘అదెందుకు?’ అన్నాను. ‘మేము జపాన్‌లో ఉన్నప్పుడు కూడా చాపల గదిలో ఉండలేదు. తొమ్మిదో అంతస్తులో చిన్న ఫ్లాటు’ అంది. కాగితం తలుపులు, రాళ్ళ తోట, అన్నీ ఎర్రబడ్డాయి. చివరికి ముందు గోడ దగ్గర ఆగింది. మత్సుదా గారు ఊపిరి లోపలికి పీల్చారు. ఈసారి నాకు అర్థమైంది. ‘కొట్టెయ్యండి’ అన్నాను.

‘నల్ల చెక్క చాలా అందంగా ఉంది. దారిన పోయే ప్రతివాళ్ళూ ఆగి చూస్తారు’ అంది నొరికో గారు. ‘పన్నెండేళ్ళుగా మమ్మల్ని అందరూ ఆగి చూస్తూనే ఉన్నారు. ఈ వీధిలో మా ఇంటిని ఎవరూ చూడకుండా దాటి వెళ్ళాలి.’

మామయ్యా, ఇన్నాళ్ళూ నేను వాళ్ళకోసం గీసింది పత్రికల్లో చూసిన జపాన్. రేపు ఎవరైనా నాకు ఇల్లు కడుతూ గుమ్మానికి నెమళ్ళు, హాల్లో ఉయ్యాల, గోడకు ఏనుగులు పెడితే నేనూ ‘చాలా బాగుంది, ఆలోచిస్తాను’ అనే అంటాను కదా.

మిగిలినవి వాళ్ళు నిజంగా కావాలనుకున్నవి. వీధిలో అందరికీ ఉన్నట్టే ఎర్ర ఇటుక, అందరి కిటికీల వరసలోనే కిటికీలు. తలుపు తీయగానే చెప్పులు విడిచే చోటు, ఇంటి నేలకంటే ఒక మెట్టు దిగువన. మరుగుదొడ్డికి సంబంధం లేకుండా స్నానానికి వేరే గది, మెడ దాకా నీళ్ళుండే తొట్టి. నువ్వు కత్తిరించిన మూలలో ఆకాశం కనబడే ఖాళీ. దాని చుట్టూ జరిపే అద్దాల తలుపులు. హాట్ ప్రెస్ పెద్దది. బయటినుంచి చూస్తే ఆ వీధి ఇల్లు, లోపలికి వెళితే వాళ్ళ ఇల్లు.

ఇదంతా గోడ మీదుగా మిస్ డెలాని చూస్తోంది. మొదటి టీకా సూది వేయించుకుందట, కాస్త ధైర్యం వచ్చి బయటికి వచ్చింది. నాలుగో పెన్సిల్ చూపించి, ‘అది నాకేనా?’ అంది. తీసుకుని, తన పెరటి మీదికి తెరుచుకునే మేడకిటికీ ఒకటి అడ్డంగా కొట్టేసి, ‘ఇది నాకు అక్కర్లేదు’ అంది. అంత చక్కటి మాట ఈ దేశంలో నేను వినలేదు. నొరికో గారు నవ్వింది. మాస్కు ఉన్నా తెలిసింది.

కొత్త ప్లాన్లు ఎల్లుండి ఇస్తున్నాం. పక్కింటి కిటికీలన్నీ గీశాను, అంగుళాలతో సహా. నీ అట్టపెట్టె నా బల్ల మీద ఉంది.

నేను బాగున్నాను.

సుధేష్ణ

లీక్స్‌లిప్
2021 ఏప్రిల్ 9

అమ్మడూ,

ఈశాన్యం గురించి నేను ఏమీ అనను. ప్రసాద్‌కూ, వసుంధరకూ, పక్కింటి ఐరిష్ ఆయనకూ చెప్పాను, అంతే.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నాకు గర్వంగా ఉంది. ఇంటి సంగతి బాగా రాశావు. కానీ మూడు నెలలుగా నేనడిగిన ప్రశ్నకు నువ్వు రాసే జవాబు ఒక్కటే, బాగున్నాను అని. మూడు భాషల్లో ఆ మాటకు అర్థాలు వెతికాక నీ తెలుగు మీద కూడా నాకు అనుమానం వచ్చింది. ఈ ఉత్తరంలో ఎర్ర పెన్సిల్ ముక్క పెట్టాను. బాగున్నానని రాయకు. ఏది కొట్టెయ్యాలో రాయి.

వచ్చే వారం జీపీ డాక్టరు దగ్గర నాకు సూది. చెవి మిషన్ వచ్చింది, అయినా ఫోన్ చెయ్యకు. రాసే పంపు.

మామయ్య

బోమాంట్
2021 ఏప్రిల్ 27

మామయ్యా,

అనుమతి వచ్చింది. నిన్న మధ్యాహ్నం. ఇటుక రంగు ముందుగా చూపించాలని, మరో ఐదారు షరతులు. మిస్ డెలాని తన అభ్యంతరం వెనక్కి తీసుకుంటూ రెండు వాక్యాలు రాసిందట. మొదటిది, ‘నా కిటికీ గీశారు.’ రెండోది, ‘వీళ్ళు నా పొరుగున ఉండాలని కోరుకుంటున్నాను.’

మత్సుదా గారికి వీడియోలో చెప్పాను. ఆయన తల వంచి నమస్కరించారు. ఒసాకా వాళ్ళకు ‘నేను రాను’ అని రాసి పంపేశారట. ఒక్క లైను ఉత్తరం, దాన్ని ముందే రాసి పెట్టుకోవడానికి ఆయన నాలుగు రోజులు కూర్చున్నారని నొరికో గారు చెప్పింది. కూతురు వెనకనుంచి ఏదో అరిచి గంతులు వేసింది. వాళ్ళు ఉంటున్నారు మామయ్యా. ఈ ఊళ్ళోనే ఉంటున్నారు.

మా బాస్ నన్ను మెచ్చుకుంది. ఫోన్ పెట్టేసి ఈ సంగతి ఎవరికి చెబుదామా అని ఇల్లంతా తిరిగాను. ఒక నర్సు డ్యూటీలో ఉంది, ఒకరు నిద్రలో ఉన్నారు. వంటింట్లో నిలబడి కుక్కర్‌కు చెప్పాను. అప్పుడు ఏడుపు వచ్చింది.

నువ్వు పెన్సిల్ పంపావు కనుక రాస్తున్నాను. నేను బాగా లేను. జనవరి నుంచి నాతో కలిసి కూర్చుని ఒక్క మనిషి అన్నం తినలేదు. ఆదివారాలు పొద్దున్నుంచి రాత్రిదాకా గొంతు పెగిలే అవసరం రాదు, వచ్చేదాకా నా గొంతు ఎలా ఉంటుందో మరిచిపోతాను. మిస్ డెలాని ఉత్తరంలో ఎండ గురించి చదివినప్పుడు సిగ్గుతో పాటు ఇంకోటి కూడా అనిపించింది, ఆవిడకు ఎండైనా ఉంది అని. అమ్మకు చెబితే కంగారుపడుతుందని, నీకు చెబితే ప్రసాద్ బావను తొందరపెడతావని బాగున్నానని రాశాను. బాగున్నాను అన్న ఆ మాట కొట్టేస్తున్నాను.

ఇప్పుడు ఇరవై కిలోమీటర్లదాకా తిరగనిస్తున్నారు. నీకు వీలైతే, ఓపిక ఉంటే, అని రాయబోయాను. అలా రాయను. నువ్వు రావాలి.

సుధేష్ణ

లీక్స్‌లిప్
2021 ఏప్రిల్ 29

అమ్మడూ,

ప్రసాద్ కారు దూరం రెండుసార్లు కొలిచాడు. పద్దెనిమిది కిలోమీటర్లు. శనివారం పదకొండింటికి నలుగురమూ వస్తున్నాం. గిన్నెలతో సహా వస్తున్నాం, మీ పెరట్లో కూర్చుని తింటాం, నర్సులిద్దరికీ కూడా తెస్తున్నాం. మళ్ళీ ఆదివారం వస్తాం. ఆ పై ఆదివారం కూడా.

నాకు జనవరిలోనే తెలియాల్సింది. తెలియనందుకు నామీద నాకు కోపంగా ఉంది.

ఈ ఉత్తరం పోస్టులో వెళుతుంది కనుక మా తర్వాత అందవచ్చు. అప్పుడు నువ్వు చదివేటప్పుడు పక్కనే ఉంటాను.

మామయ్య